కోటుకు ఎర్ర అతుకు

బుల్లెమ్మ మొదటిసారి హన్నమ్మ చేతికి వచ్చిననాడు కిలో ఏడు వందల గ్రాములుంది. కొల్లేరు పక్కన ఒక చేపల చెరువు గట్టు మీద, మేత బస్తాల చాటున, పాత లుంగీలో చుట్టి ఎవరో వదిలి వెళ్ళారు. పొద్దున్నే మేత వేయడానికి వచ్చిన కాపలాదారు పిల్లికూన అనుకుని దగ్గరకు వెళ్ళి చూశాడు. ఆసుపత్రిలో మూడు వారాలు గాజుపెట్టెలో ఉంచాక, ఏలూరులో ఒక ట్రస్టు వారు నడిపే పిల్లల హోముకు పంపారు. హన్నమ్మ అక్కడ ఆయా.

పాపను అప్పగించేటప్పుడు ఆసుపత్రి నర్సు ఒక మాట చెప్పింది.

"దీనికి ఉయ్యాల వద్దండి. గుండెల మీద పడుకోబెట్టుకోండి, ఒంటికి ఒళ్ళు తగిలేలా. మీ ఒంటి వేడే దీనికి మందు."

హన్నమ్మ ఆ మాటను తు చ తప్పకుండా పాటించింది. రెండు నెలల పాటు, డ్యూటీ ఉన్నంతసేపూ, డ్యూటీ అయ్యాక కూడా, కుర్చీలో వెనక్కి వాలి పాపను గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకునేది. ఏలూరు ఎండలకు వీపంతా తడిసి ముద్దయ్యేది. పాప మాత్రం ఆ చెమటలోనే వారానికింత బరువు పెరిగింది. రెండున్నర కిలోలు దాటాక ఉయ్యాలలో వేయబోతే ఊరుకోలేదు. గుండె చప్పుడు వింటే తప్ప నిద్ర పట్టని పిల్లగా తయారైంది. రికార్డులో ఏదో పెద్ద పేరు రాశారు గాని, హన్నమ్మ బుల్లెమ్మ అనడంతో అందరికీ అదే అలవాటైంది.

హన్నమ్మది పెంటపాడు. భర్త పోయి ఎనిమిదేళ్ళయింది. పిల్లలు పుట్టలేదు. చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో బోర్డింగులో ఉండి చదువుకుంటున్నప్పుడు, ఊటీ నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ ఆడపిల్లలందరికీ ఊలు అల్లడం నేర్పింది. ఈ ఎండల దేశంలో ఊలుతో ఏం పనని మిగతావాళ్ళు మరిచిపోయారు. హన్నమ్మ మరవలేదు. హోములో పిల్లల టోపీలూ మేజోళ్ళూ అన్నీ ఆమె చేతివే.

మే నెలలో ఒకరోజు హన్నమ్మ సూపరింటెండెంటు ప్రభావతి గారి గదిలోకి వెళ్ళి నిలబడింది.

"మేడమ్ గారండీ, బుల్లెమ్మను నేను పెంచుకుంటానండి. పేపర్లు ఏం కావాలో చెప్పండి, రాసుకొస్తాను."

ప్రభావతి గారు చేతిలో పెన్ను పక్కన పెట్టారు.

"కూర్చోండి హన్నమ్మ గారూ. మీ వయసెంత?"

"యాభై ఒకటండి."

"ఒంటరిగా ఉన్నవాళ్ళకు నలభై దాటితే ఇంత చిన్నపిల్లను ఇవ్వరండి. అది నా చేతిలో ఉన్నది కాదు. కంప్యూటర్లో మీ పేరు ఎక్కించబోయినా తీసుకోదు."

"నేను దాన్ని బతికించుకున్నానండి."

"నాకు తెలుసండి," అన్నారు ప్రభావతి గారు.

డిసెంబరు మొదటివారంలో వాళ్ళు వచ్చారు. హిమాచల్‌లో, టిబెట్ సరిహద్దుకు దగ్గరగా ఉండే కిన్నౌర్ కొండల నుంచి. ఆయన పేరు జగ్‌మోహన్, కరెంటు తయారు చేసే ప్రాజెక్టులో ఉద్యోగం. ఆమె పేరు వీణ, చిన్నపిల్లల బళ్ళో టీచరు. నలభైకి దగ్గర పడిన మనుషులు. దత్తత జాబితాలో పేరు రాయించుకుని నాలుగేళ్ళు ఎదురుచూశారట. బస్సుల్లో, రైల్లో మూడురోజులు ప్రయాణం చేసి వచ్చిన బడలిక మొహాల మీద ఉంది గాని, పాపను చూడగానే ఇద్దరూ మాట పడిపోయినట్టు నిలబడ్డారు.

వాళ్ళకు తెలుగు రాదు. హన్నమ్మకు హిందీ రాదు. హోములో నర్సుగా చేసే నజ్నీన్ మధ్యలో కూర్చుంది. ఆమెది ఏలూరే, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి ఇలాంటప్పుడు ఆమెనే పిలుస్తారు.

బుల్లెమ్మ హన్నమ్మ భుజాన్ని పట్టుకుని కొత్తవాళ్ళను చూస్తోంది. వీణ చేతులు చాపింది. హన్నమ్మ ఇవ్వలేదు.

"ఆవిడకు చెప్పమ్మా నజ్నీన్," అంది. "ఈ పిల్లకు ఆయాసం ఉంది. చలిగాలి తగిలితే ఊపిరందదు. వాళ్ళ ఊళ్ళో మంచు పడుతుందంట కదా. అంత చలిలో ఇది బతకదని డాక్టరు గారే చెప్పారని చెప్పు."

నజ్నీన్ ఆమె మొహంలోకి చూసింది. "డాక్టరు గారు అలా అన్నారా ఆంటీ?"

"నువ్వు చెప్పు."

నజ్నీన్ ఆమె అన్నది అన్నట్టే హిందీలో చెప్పింది. వీణ మొహం పాలిపోయింది. జగ్‌మోహన్ భార్య వైపు చూశాడు. ఆమె పాప కాళ్ళ వైపే చూసింది. తరువాత మెల్లగా ఏదో అడిగింది.

"అయితే వెచ్చగా ఎలా ఉంచాలో మీరే నేర్పండి అంటున్నారు ఆంటీ," అంది నజ్నీన్. "పది నెలలు కాపాడింది మీరే కదా, మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు కదా అంటున్నారు."

ఈ జవాబు హన్నమ్మ ఊహించలేదు. భయపడి వెనక్కి తగ్గుతారనుకుంది. ఏం చెప్పాలో తోచక నిజమే చెప్పేసింది.

"గుండెల మీద పెట్టుకోవాలి. అలా అయితేనే పడుకుంటుంది."

తమ వైపు పిల్లలను వీపున శాలువతో కట్టుకుంటారని వీణ చెప్పింది. ఇల్లు కొండ మీద ఉందట. బస్సు దిగాక అరగంట నడక. జనవరిలో మోకాళ్ళ దాకా మంచు. ఆమె లేచి సంచిలోంచి బూడిదరంగు కోటు తీసి తొడుక్కుంది. బయట ఎండ కాస్తోంది, పైన ఫ్యాను తిరుగుతోంది. మళ్ళీ చేతులు చాపింది. ఈసారి హన్నమ్మ ఇవ్వక తప్పలేదు. వీణ పాపను గుండెలకు ఆనించుకుని కోటు జిప్పు మూయబోయింది. మధ్యలో జానెడు పైన ఖాళీ మిగిలిపోయింది. ఆ ఖాళీలో బుల్లెమ్మ వీపు కనిపిస్తోంది.

గాలంతా అక్కడే కొడుతుంది అనుకుంది హన్నమ్మ. చేయి దానంతట అదే వెళ్ళి ఆ ఖాళీని కొలిచింది.

"దీనికి మధ్యలో అల్లి ఇస్తానని చెప్పమ్మా," అంది. "ఆ పక్క సగం, ఈ పక్క సగం జిప్పు కుట్టిస్తే కోటుకు అతుక్కుంటుంది. పిల్ల లోపల ఉంటుంది, తల ఒక్కటీ పైకి ఉంటుంది. పిల్ల లేనప్పుడు ఊడదీసుకోవచ్చు."

వీణ తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కాగితాలన్నీ పూర్తయ్యేసరికి పన్నెండు రోజులు పడుతుందన్నారు ప్రభావతి గారు. అంతదూరం వెళ్ళి మళ్ళీ రాలేక దంపతులు బస్టాండు దగ్గర లాడ్జిలో దిగారు. వీణ రోజూ పొద్దున్నే హోముకు వచ్చి, పాపకు అలవాటు కావాలని చాప మీద దగ్గర్లో కూర్చునేది. హన్నమ్మ గోడకు ఆనుకుని అల్లుకునేది. కావలసినంత ఊలు ఒకే రంగులో దొరికింది ముదురు ఎరుపు ఒక్కటే. ఇద్దరికీ మాటలు లేవు. రెండురోజులకోసారి కొలత చూడ్డానికి వీణ కోటు తొడుక్కుని పాపను ఎత్తుకునేది. ఆ ఉక్కలో ఇద్దరి నుదుళ్ళ మీదా చెమట పట్టేది. హన్నమ్మ టేపు పట్టుకుని కింద నుంచి పైకి కొలిచి, తన పమిట చెంగుతో ముందు పాప మొహం తుడిచి, కాస్త తటపటాయించి, వీణ మొహమూ తుడిచేది.

జిప్పు దగ్గర చిక్కొచ్చింది. నజ్నీన్ మేనమామ మొహిద్దీన్ పవర్‌పేటలో టైలరు. కోటు అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"నంబరు ఒకటే అయితే చాలదమ్మా. పళ్ళ అచ్చు కూడా ఒకటే ఉండాలి. లేకపోతే సగం దాకా ఎక్కి విచ్చుకుపోతుంది. ఈ లావు పళ్ళది మన దగ్గర రాదు. గూడెంలో బ్యాగులు కుట్టేవాళ్ళున్నారు, అక్కడ అడిగి చూడండి."

హన్నమ్మ ఆరోరోజు సెలవు పెట్టి, కోటు సంచిలో పెట్టుకుని పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళింది. కోతలైన చేలల్లో వడ్లు టార్పాలిన్ల మీద ఆరబోసి ఉన్నాయి. మూడు దుకాణాలు తిరిగితే నాలుగోదాంట్లో దొరికింది. దుకాణంలోనే జిప్పును కోటుకు పెట్టి రెండుసార్లు లాగి చూసింది. సాఫీగా నడిచింది. పని కుదిరినందుకు సంతోషపడింది కూడా. తిరుగు ప్రయాణంలో సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇక మెడ దగ్గర ఎన్ని కుట్లు తగ్గించాలో లెక్క వేసుకుంటూ కూర్చుంది.

మూడింటికి హోముకు చేరింది. చెప్పులు విడిచి గది గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

వీణ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె గుండెల మీద బుల్లెమ్మ నిద్రపోతోంది. ఒక చేత్తో ఆమె చున్నీ గుప్పిట పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతోంది. వీణ కదలడానికి కూడా భయపడుతూ, హన్నమ్మను చూసి, చూడండి అన్నట్టు కళ్ళతోనే నవ్వింది.

హన్నమ్మ తిరిగి నవ్వలేకపోయింది. వెనక వరండాలోకి వెళ్ళి బీరువాలోంచి అల్లిక తీసింది. మూడొంతులు అయిపోయింది. సూది లాగేసి, కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ఆరు రోజుల పని. వరస తరవాత వరస విడిపోయి ఒళ్ళో కుప్ప పడుతుంటే ఆపలేదు. ఇది తయారవకపోతే వాళ్ళు వెళ్ళలేరన్నట్టు లాగింది. అలా కాదని తెలిసే లాగింది.

ప్రభావతి గారు అటు వచ్చి చూశారు. కోప్పడలేదు. పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"పంతొమ్మిదికి వాళ్ళకు టికెట్లు ఉన్నాయి హన్నమ్మ గారూ. ఇది అల్లినా పిల్ల వెళ్తుంది, అల్లకపోయినా వెళ్తుంది. అల్లితే వెచ్చగా వెళ్తుంది. అంతే తేడా."

హన్నమ్మ మోకాళ్ళలో మొహం పెట్టుకుంది.

మర్నాడు వీణ వచ్చేసరికి ఆ ముడతలు పడ్డ ఎర్ర ఊలు ఇంకా చాప మీదే కుప్పగా ఉంది. నజ్నీన్ పక్కనే పాపకు పాలు పడుతోంది. హన్నమ్మ తల ఎత్తలేదు. వీణ దాని పక్కనే కూర్చుని, కొస వెతికి పట్టుకుని బంతి చుట్టడం మొదలుపెట్టింది. బొటనవేలు చుట్టూ ఒకసారి, నాలుగు వేళ్ళ చుట్టూ ఒకసారి, చూడకుండానే చకచకా చుడుతోంది. అది చేతకాని మనిషి చుట్టే తీరు కాదు.

హన్నమ్మ ఆ వేళ్ళనే చూస్తోంది. "ఆవిడకు అల్లడం వచ్చేమో అడుగమ్మా," అంది.

నజ్నీన్ అడిగింది. వీణ సిగ్గుపడ్డట్టు తల దించుకుని చెప్పింది.

"ఎనిమిదో ఏట నుంచి అల్లుతున్నారట. వాళ్ళ ఊళ్ళో అందరూ అల్లుతారట. వచ్చినప్పుడు రైల్లో తొడుక్కున్న స్వెట్టరూ తనల్లినదేనట."

"మరి ఈ ముక్క తనే రెండు రోజుల్లో అల్లుకుని ఉండేది కదా. నా చేత ఎందుకు చేయించింది?"

ఈసారి వీణ చాలాసేపు మాట్లాడింది. నజ్నీన్ పాలసీసా పక్కన పెట్టి చెప్పింది.

"మీరు మొదట పిల్లను చేతికివ్వలేదట. తరువాత మీరే, అడక్కుండానే, అల్లి ఇస్తానన్నారట. అది వద్దంటే మీరు ఇంకేమీ ఇవ్వరేమోనని భయం వేసిందట. ఇంకోటి కూడా చెప్పారు ఆంటీ. ఈ పిల్ల మీ గుండెల మీద పెరిగింది కాబట్టి, అక్కడ తన గుండెల మీద ఉన్నప్పుడు కూడా మీ చెయ్యి వీపున ఉండాలనుకున్నారట."

హన్నమ్మ నోరు కొంగుతో మూసుకుంది. కొంగు తీసి అంది:

"ఆయాసం లేదని చెప్పమ్మా. నేను అబద్ధం ఆడాను. ఏ డాక్టరూ అనలేదు. పిల్ల శుభ్రంగా ఉంది."

నజ్నీన్ చెప్పడం పూర్తికాకముందే వీణ తల ఊపింది. తెలుసట. వచ్చిన రోజు సాయంత్రమే రిపోర్టులన్నీ చదివారట, ఆయాసం మాట ఎక్కడా లేదట.

"మరి ఒక్క మాట కూడా అనలేదేం?"

"నేనైనా అలాగే చెప్పేదాన్ని అంటున్నారు," అంది నజ్నీన్.

ఇక ఆరు రోజులే మిగిలాయి. హన్నమ్మ ఒక జత సూదులు వీణకు ఇచ్చింది. తను కింద నుంచి, వీణ మెడ పట్టీ నుంచి అల్లుకుంటూ వచ్చారు. బుల్లెమ్మ ఇద్దరి మధ్యా పాకుతూ ఎవరి ఊలు చేతికందితే దాన్ని లాగేది. హన్నమ్మ చేతి పట్టు బిగువు, వీణది వదులు. రెండు ముక్కలూ కలిపాక ఆ తేడా స్పష్టంగా కనిపించింది. విప్పి సరిచేద్దామా అన్నట్టు వీణ చూసింది. హన్నమ్మ వద్దని చేయి ఊపింది. మొహిద్దీన్ జిప్పు రెండు సగాలూ రెండు పక్కలా కుట్టి, మిషను కుట్టు మీద చేత్తో ఇంకో వరస బిగించి ఇచ్చాడు.

పంతొమ్మిదో తారీకు పదకొండు గంటలకు ఆటో గేటు ముందు ఆగింది. సంతకాలు అయిపోయాయి. జగ్‌మోహన్ సామాను పెట్టి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బుల్లెమ్మ పాలు తాగి హన్నమ్మ భుజం మీద మగతగా ఉంది. వీణ కోటు తొడుక్కుంది. ఇక్కడి ఎండకు అవసరం లేదు, రైలు ఢిల్లీ దగ్గరకు వెళ్ళాక సరిపోతుంది. కానీ హన్నమ్మ ఒకసారి చూడాలని అడిగింది.

పాపను తనే వీణ గుండెల మీద సర్దింది. కాళ్ళు అటూ ఇటూ పెట్టి, చేతులు లోపలికి తీసి, ఎడమ పక్క జిప్పు పైకి లాగింది. కుడి పక్కది లాగింది. మెడ పట్టీ చెవుల దాకా సవరించింది. అతుకు సరిగ్గా సరిపోయింది. ఎక్కడా గాలి చొరబడే సందు లేదు.

అప్పుడు బుల్లెమ్మకు మెలకువ వచ్చింది. తల అటూ ఇటూ తిప్పి హన్నమ్మను చూసి నవ్వింది. ఎత్తుకోమని చేతులు చాపబోయింది. చేతులు లోపల ఉన్నాయి. రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఎర్ర ఊలు లోపలి నుంచి రెండు చోట్ల ఉబ్బి ఉబ్బి కదిలింది. పెదవులు వంకర్లు పోయి ఏడుపు అందుకుంది.

వీణ భయపడి జిప్పు తీయబోయింది. హన్నమ్మ ఆమె చేతిని పట్టుకుంది.

"వద్దని చెప్పమ్మా నజ్నీన్. తీస్తే మళ్ళీ ఇవ్వలేను. వెళ్ళమను. వెనక్కి చూడకుండా వెళ్ళమను."

వీణ వంగి ఆమె కాళ్ళు తాకబోయింది. మధ్యలో పాప ఉండడంతో వంగలేకపోయింది. బదులుగా హన్నమ్మ భుజాలు పట్టుకుని, తన నుదురు ఆమె నుదుటికి ఆనించి, ఏదో అని, ఆటో ఎక్కింది. ఏమందో చెప్పమని నజ్నీన్‌ను హన్నమ్మ అడగలేదు. ఆటో మలుపు తిరిగేదాకా ఏడుపు వినిపించింది. తరువాత వీధిలో మామూలు చప్పుళ్ళే మిగిలాయి.

జనవరి చివర్లో ఇంకో పాప వచ్చింది. కిలో ఆరు వందలు. ప్రభావతి గారు హన్నమ్మను పిలిచి, గుండెల మీద పెట్టుకోవాలన్నారు. హన్నమ్మ పాపను చూసింది. ముట్టుకోలేదు.

"నావల్ల కాదండి. ఇంకెవరికైనా చెప్పండి. నన్ను వంటింట్లో వేసేయండి."

ప్రభావతి గారు బతిమాలారు, పదిరోజులు ఆగి మళ్ళీ అడిగారు. చివరకు ఆమె మాటే నిలిచింది. ఆ పాపను స్టెల్లా అనే కొత్త ఆయా గుండెల మీద పెట్టుకుంది. హన్నమ్మ వంటింట్లో పిల్లలకు జావ కాచడం, పాలసీసాలు మరిగించడం చూసుకుంటోంది. పైగదిలో పిల్లలు ఏడుస్తుంటే స్టవ్ మంట పెద్దది చేస్తుంది. ఊలు మళ్ళీ పట్టలేదు.

దత్తతకు వెళ్ళిన పిల్లల గురించి ఆరునెలలకోసారి రిపోర్టు వస్తుంది. జూన్‌లో బుల్లెమ్మది వచ్చింది. నజ్నీన్ ఫోనులో ఫోటో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. హన్నమ్మ చేతులు తుడుచుకుని తీసుకుంది. ఆపిల్ చెట్ల కింద గౌను వేసుకుని పిల్ల నిలబడి ఉంది. ఎవరి సాయమూ లేకుండా నిలబడి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. జుట్టు రెండు పిలకలు వేశారు.

"బరువెంతంట?"

"తొమ్మిది కిలోల రెండు వందలు."

"మాటలొచ్చాయంటా?"

"అమ్మా అంటుందట. ఇంకా రెండు మూడు మాటలు, వాళ్ళ భాషలో."

హన్నమ్మ ఇంకాసేపు చూసి ఫోను తిరిగి ఇచ్చేసింది.

"ఈసారి వస్తే నాకు చూపించకమ్మా," అంది.

"అలాగే ఆంటీ."

డిసెంబరులో రెండో రిపోర్టు వచ్చింది. ప్రభావతి గారు బుల్లెమ్మ ఫైలు తెమ్మని నజ్నీన్‌ను పిలవడం వంటింట్లోకి వినిపించింది. హన్నమ్మ ఆ రోజు సీసాలు రెండుసార్లు మరిగించింది. గుమ్మంలో అలికిడైనప్పుడల్లా తల తిప్పి చూసింది. డ్యూటీ దిగాల్సిన వేళ దాటాక కూడా కాసేపు స్టూలు మీద కూర్చుంది. నజ్నీన్ మాట మీద నిలబడే పిల్ల. రాలేదు.